చెవిలో చిల్లు పడితే ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను పరకాల ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని. చెవి లోపల ఉండే పలుచని పొరకు, అంటే కర్ణభేరికి, చిల్లు పడటం గురించి, దానికి ఉన్న చికిత్సల గురించి మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వైద్యుణ్ని కాను. అయితే మా కుటుంబంలోనే ఇద్దరికి, మా చిన్న చెల్లెలికీ, మా మనుమడికీ, ఈ బాధ వచ్చింది. ఇద్దరి విషయంలోనూ మేము చేయవలసిన దానికి సరిగ్గా ఎదురు చేశాం. ఓపిక పట్టవలసిన చెవిలో ఆత్రపడి ఏవేవో పోశాం, ఆలస్యం చేయకూడని చెవిని నలభై ఏళ్లు అట్లాగే వదిలేశాం. ఊళ్లలో నేను చూసినంతవరకు చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

మొన్నటి వేసవి సెలవుల్లో పన్నెండేళ్ల మా మనుమడు తోటి పిల్లలతో కలిసి పొలం దగ్గరి బావిలో ఈతకు వెళ్లాడు. మన వైపు బావుల్లో పిల్లలు ఒడ్డు మీది నుంచి దుంకడం కొత్త కాదు. దుంకినప్పుడు తల ఒక పక్కకు వాలి, ఎడమ చెవి నేరుగా నీటికి కొట్టుకుంది. "చెవుల పటుక్కుమన్నది తాతా" అని వాడు తర్వాత నాతో చెప్పాడు. కొద్దిగా నెత్తురు వచ్చింది, నొప్పి పుట్టింది, ఆ చెవిలో ఒకటే రొద మొదలైంది. నేను ఆ రోజు ఊళ్లో లేను. ఇరుగుపొరుగు పెద్దవాళ్లు చెప్పగా మా కోడలు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన కొబ్బరినూనెను గోరువెచ్చగా ఆ చెవిలో పోసింది. మరునాడు ఒక మందుల దుకాణంలో, చెవి లోపలికి ఒక్కసారి కూడా చూడకుండా, గుబిలి కరిగించే చుక్కలు చేతిలో పెట్టారు. ఆ చుక్కలు వేయగానే పిల్లవాడికి తల తిరిగి వాంతి అయింది. మా కోడలిని నేను తప్పుపట్టను. చిన్నప్పుడు నాకు చెవిపోటు వస్తే మా అమ్మ పోసింది కూడా ఆ నూనెనే. కానీ పొరకు చిల్లు ఉన్నప్పుడు మనం బయటి చెవిలో పోసేది ఏదైనా లోపలి గదిలోకి దిగిపోతుందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మూడో రోజు హనుమకొండలో ఒక ఈఎన్‌టీ వైద్యురాలికి చూపించాం. ఆమె సన్నని కెమెరా గొట్టంతో చూసి, లోపల ఉన్నది మాకు తెర మీద చూపించారు. ఆల్చిప్ప లోపలి వైపు లాగా మెరిసే పలుచని పొర, దాని కింది భాగంలో ఒక చిరుగు, చిరుగు అంచున ఎండిన నెత్తురు కనిపించాయి. తర్వాత ఆమె బల్ల మీది నుంచి శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తీశారు. నేను వేల మంది పిల్లల ముందు రబ్బరు దిమ్మె మీద కొట్టి మోగించిన శ్రుతిదండమే అది, 512 హెర్ట్జ్‌ది. దాన్ని మోగించి కాడను వాడి నుదుటి మధ్యన ఆనించి, శబ్దం ఏ వైపు వినబడుతున్నదని అడిగారు. వాడు దెబ్బ తగిలిన ఎడమ వైపే చూపించాడు. నేను ఆశ్చర్యపోయాను. గాలి గుండా వచ్చే శబ్దానికి మాత్రమే దారి దెబ్బతిన్నప్పుడు ఎముక గుండా వెళ్లే శబ్దం ఆ చెవిలోనే గట్టిగా వినబడుతుందనీ, నరం దెబ్బతిని ఉంటే బాగున్న చెవి వైపు వినబడేదనీ ఆమె వివరించారు. రూపాయి ఖర్చు లేని ఆ పరీక్షతో, పిల్లవాడి వినికిడి నరం ఉండే లోపలి చెవి భద్రంగా ఉందని మాకు మొదటి ధైర్యం వచ్చింది.

కర్ణభేరి అడ్డంగా కొలిస్తే సుమారు ఒక సెంటీమీటరు ఉంటుంది, మందం మిల్లీమీటరులో పదో వంతు. దాని వెనుక సుత్తి, దాగలి (కమ్మరి దిమ్మె), అంకవన్నె (గుర్రపు రికాబు) ఆకారాల్లో మూడు చిన్న ఎముకల గొలుసు ఉంది. కర్ణభేరి వైశాల్యం అంకవన్నె అడుగు భాగం కన్నా సుమారు 17 రెట్లు ఎక్కువ కావడం వల్ల, ఆ ఎముకలు మీటమాదిరిగా పనిచేయడం వల్ల, శబ్ద పీడనం లోపలి చెవిని చేరేసరికి 20 రెట్లకు పైగా పెరుగుతుంది. పొరకు చిల్లు పడితే ఈ లాభం పోతుంది. చిల్లు చిన్నదైతే వినికిడిలో తేడా అంతగా తెలియకపోవచ్చు. పెద్దదైతే 40 డెసిబెల్స్ వరకు తగ్గవచ్చు, అంటే ఎదుటి మనిషి మామూలుగా మాట్లాడే మాటలు కూడా సగం సగం వినబడతాయి. అంతకు మించి తగ్గిందంటే పొరతోపాటు ఎముకల గొలుసు కూడా తెగిందేమోనని వైద్యులు అనుమానిస్తారు. పొర చేసే రెండో పని కాపలా. చిల్లు పడిన చెవిలోకి స్నానం నీరు, చెరువు నీరు, వాటితోపాటు సూక్ష్మజీవులు నేరుగా పొర వెనుక ఉండే మధ్య చెవిలోకి పోతాయి.

ఇక చికిత్స సంగతి. దెబ్బ వల్ల కొత్తగా పడిన చిల్లు ఒక రకం, చీము వల్ల పడి ఏళ్ల తరబడి కారుతున్న చిల్లు మరో రకం. ఈ రెండింటికీ మందు ఒకటే అనుకోవడం దగ్గరే మనం తప్పు దారి పడుతున్నాం.

చెంపదెబ్బ, బంతి దెబ్బ, నీటి దెబ్బ, అగ్గిపుల్ల, తలపిన్ను వంటివాటి వల్ల పడిన కొత్త చిల్లు పది మందిలో ఎనిమిది మందికి పైగా దానంతట అదే మూసుకుంటుంది. చిన్న చిరుగులు కొన్ని వారాల్లోనే మానుతాయి, మిగిలినవాటికి సాధారణంగా మూడు నెలల వరకు గడువు ఇస్తారు. ఆ మూడు నెలలూ చెవిని పొడిగా ఉంచడమే అసలు చికిత్స. తలస్నానం చేసేటప్పుడు వాజిలిన్ పూసిన దూదిని చెవి బయట పెట్టుకోవాలి, మిగిలిన వేళల్లో చెవిని ఊరికే వదిలేయాలి. ఈత పూర్తిగా మానాలి. ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ఎందుకంటే ముక్కు వెనుక నుంచి చెవికి పోయే కంఠకర్ణనాళం గుండా ఎగదన్నే గాలి మానుతున్న పొరను మళ్లీ చించగలదు. చెవిలో నీళ్లు కొట్టించి శుభ్రం చేయించుకోవడం అస్సలు పనికిరాదు. చీము లేని పొడి చెవికి మామూలుగా చుక్కల మందే అవసరం ఉండదు. అయితే మావాడి చెవిలోకి బావినీళ్లూ నూనే రెండూ పోయాయి కాబట్టి, చీము పట్టకుండా కొద్ది రోజులు సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వేయమని వైద్యురాలు రాశారు.

చుక్కల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. చిల్లు ఉన్న చెవికి సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ వంటి చుక్కలను సురక్షితమైనవిగా భావిస్తారు. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు ఆ చిల్లు గుండా దిగి లోపలి చెవిని దెబ్బతీసి, తిరిగి రాని చెవుడు తెచ్చే ప్రమాదం ఉంది. చెవికి వేసే సీసాలన్నీ పైకి ఒకే తీరుగా కనబడతాయి. అందుకే చెవి లోపలికి చూడనివాళ్లు ఇచ్చిన చుక్కలు, పక్కింటివాళ్లకు పనిచేసిన చుక్కలు, పోయిన ఏడాది మిగిలిన చుక్కలు వేయవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

దెబ్బ తగిలిన కొత్తలో మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవలసిన సందర్భాలు ఉన్నాయి. దెబ్బతోపాటు తల తిరగడం ఆగకపోయినా, వినికిడి ఒక్కసారిగా బాగా పడిపోయినా, చెవి నుంచి నీళ్లలాంటి పలుచని ద్రవం కారుతున్నా, ముఖం ఒక పక్కకు వంకర పోయినా అది పొరతో ఆగిన దెబ్బ కాదు. మావాడికి అటువంటివి లేవు. ఆరు వారాలకు చూస్తే చిరుగు సగానికి పైగా పూడింది, పది వారాలకు పూర్తిగా మూసుకుంది, వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్‌లో వినికిడి మామూలుగా వచ్చింది. మూడు నెలలు దాటినా మూసుకోని చిన్న చిల్లుకు ఆసుపత్రి గదిలోనే చేసే మార్గం ఉంది. చిల్లు అంచులను రసాయనంతో తాకించి, వాటికి మళ్లీ పెరిగే గుణం తెప్పించి, పైన పలుచని కాగితపు అతుకు వేస్తారు. ఆ అతుకును ఆసరా చేసుకొని కొత్త పొర పాకుతుంది. ఒక్కోసారి రెండు మూడు సార్లు వేయవలసి వస్తుంది.

ఇక మా చెల్లెలి చెవి. ఆమెకు చిన్నతనంలో తట్టు పోసింది, తగ్గిన తర్వాత కుడి చెవి కారడం మొదలైంది. మా అమ్మ కోడి ఈకతో తుడిచేది. జలుబు చేసినప్పుడల్లా చీము వచ్చేది, ఎండాకాలంలో తగ్గేది, తగ్గగానే అందరం మరిచిపోయేవాళ్లం. పెళ్లయి కరీంనగర్ వైపు వెళ్లిన తర్వాత బీడీలు చుట్టుకుంటూ సంసారం నడిపింది, పిలిస్తే పలకదని అత్తవారింట్లో మాటలు పడింది. ఒక ప్రైవేటు వైద్యుడు ఏళ్ల తరబడి అవే చుక్కలు, అవే మాత్రలు రాసి ఇచ్చాడే తప్ప, ఒక్కసారి కూడా వినికిడి పరీక్ష చేయించుకొమ్మని చెప్పలేదు. రెండు వారాలకు మించి చెవి కారుతుంటే అది పాతబడుతున్న జబ్బు అని గుర్తించాలట. ఆమెకు కారింది నలభై ఏళ్లు. చివరికి మా మనుమడి చెవి చూసిన వైద్యురాలికే ఆమెనూ చూపించాం. అదే శ్రుతిదండాన్ని ఈసారి చెవి ముందర ఒకసారి, చెవి వెనుక ఎముక మీద ఒకసారి పెట్టి అడిగారు. ఎముక మీద పెట్టినప్పుడే గట్టిగా వినబడుతున్నదని ఆమె చెప్పింది. ఆడియోగ్రామ్‌లో ఆ చెవికి 55 డెసిబెల్స్ లోపం తేలింది.

కారుతున్న చెవికి మొదటి మెట్టు శస్త్రచికిత్స కాదు, ఎండబెట్టడం. సూక్ష్మదర్శిని కింద గొట్టంతో చీమును పీల్చి శుభ్రం చేయడం, తగిన చుక్కలు వేయడం, నీరు తగలకుండా చూసుకోవడం, జలుబు, అలర్జీ, సైనస్, పిల్లల్లోనైతే ముక్కు వెనుక గడ్డలు వంటి మూలకారణాలకు వైద్యం చేయడం ఇందులో భాగం. చీము తుడవకుండా చుక్కలు వేస్తే మందు చీము మీదే తేలుతుంది, లోపలి పొరకు చేరదు. ఈ ఒక్క సంగతి తెలియకనే మా చెల్లెలు అన్నేళ్లు చుక్కలు వేసుకొని విసిగిపోయింది. సరిగా శుభ్రం చేసిన తర్వాత ఆమె చెవి ఎండడానికి ఆరు వారాలు కూడా పట్టలేదు.

చెవి ఎండితే చాలదా, చిల్లు మూయించడం ఎందుకని చాలామంది అడుగుతారు. చిల్లు తెరిచి ఉన్నంతకాలం ప్రతి జలుబూ, ప్రతి స్నానమూ మళ్లీ చీము తెచ్చే అవకాశం ఉంది. పదే పదే వచ్చే చీము ఎముకల గొలుసును తినేస్తుంది, అన్నిటి కన్నా ముందు తెగేది దాగలి కొమ్మ. మా చెల్లెలికి జరిగింది అదే. పాత చిల్లు దానంతట అది మూసుకోదు, ఎందుకంటే దాని అంచుల మీద చర్మం ముడిచి స్థిరపడిపోతుంది. అందుకే టింపనోప్లాస్టీ అనే శస్త్రచికిత్స అవసరమవుతుంది. చిల్లు చాలా చిన్నదైతే చెవి తమ్మె నుంచి తీసిన కొద్దిపాటి కొవ్వును అందులో కూరి మూస్తారు. పెద్దదైతే చెవికి పైన కణత కండరం మీద ఉండే పలుచని పొరను గానీ, చెవి ముందరి మృదులాస్థి ముక్కను గానీ తీసి కర్ణభేరి లోపలి వైపు అతుకుతారు. మృదులాస్థి గట్టిది కాబట్టి ఇంతకు ముందు ఒకసారి విఫలమైన చెవులకూ, పొర లోపలికి కుంగిపోయే చెవులకూ దాన్ని ఎంచుకుంటారు. ఎముకల గొలుసు తెగి ఉంటే అదే సమయంలో దాన్నీ కలుపుతారు. ఇప్పుడు చాలా చోట్ల చెవి వెనుక కోత లేకుండా ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టంతో చెవి రంధ్రం గుండానే చేస్తున్నారు. పెద్దవాళ్లకు ఆ భాగం మాత్రమే మొద్దుబార్చి చేయవచ్చు, పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. జలుబు, చెవిపోటు తరచుగా వచ్చే చిన్న వయసు దాటాలని చాలామంది వైద్యులు ఏడెనిమిదేళ్ల వరకు ఆగుతారు.

పొడిగా ఉన్న చెవికి అనుభవమున్న చేతుల్లో ఇది పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి విజయవంతమవుతుంది. మిగిలినవారికి అతుకు నిలవకపోవచ్చు, రెండోసారి చేయవలసి రావచ్చు. నాలుక ఒక పక్క రుచి కొంతకాలం మారవచ్చు, రొద ఉండవచ్చు, అరుదుగా వినికిడి ఇంకా తగ్గవచ్చు. ఇవన్నీ ముందే చెప్పే వైద్యుణ్ని నమ్మాలి గానీ చూసి భయపడకూడదని నా అభిప్రాయం. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు అతుకు నిలిచే అవకాశం తగ్గుతుంది. మా చెల్లెలు తాగదు, కానీ రోజంతా పొగాకు ధూళి మధ్య కూర్చునే మనిషి కాబట్టి కొన్ని వారాలు ఆ పని మాన్పించాం. శస్త్రచికిత్స అయిన మూడు నెలల తర్వాత ఆమె ఆడియోగ్రామ్‌లో లోపం 30 డెసిబెల్స్‌కు తగ్గింది. పూర్తిగా రాలేదు. ఇరవై ఏళ్ల కింద చేయించి ఉంటే ఎముకలు మిగిలేవి, వినికిడి ఇంకా బాగా వచ్చేది అని వైద్యురాలు అన్నప్పుడు అన్నగా నేను తల దించుకున్నాను. శస్త్రచికిత్సకు ముందు మేడారం జాతరకు పోయినప్పుడు కూడా ఆమె జంపన్న వాగులో మునగకుండా నెత్తిన నీళ్లు చల్లుకొని గద్దెలకు పోయింది. మొక్కు తీర్చుకోవడానికి అది చాలని ఇంటి పెద్దలే ఒప్పుకున్నారు.

మూడో రకం ఒకటి ఉంది, దానికి ఎదురుచూపు అనే మాటే లేదు. కర్ణభేరి పైభాగంలో గానీ అంచున గానీ చర్మం లోపలికి చొచ్చుకుపోయి, చనిపోయిన చర్మపు పొరలు ఉండకట్టి చుట్టూ ఉన్న ఎముకను తొలిచేస్తుంది. దీన్ని కొలెస్టియటోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు, కానీ చుక్కలతో, మాత్రలతో తగ్గదు. కారేది కొద్దిగానే ఉన్నా కుళ్లు వాసన వస్తుంటే దీన్ని అనుమానించాలి. సీటీ స్కాన్ తీసి, చెవి వెనుక ఎముకను తెరిచి చేసే మాస్టాయిడ్ శస్త్రచికిత్సతో దాన్ని తొలగిస్తారు. ఇక్కడ మొదటి లక్ష్యం వినికిడి కాదు, ప్రాణ రక్షణ, ఎందుకంటే ఆ ఎముకకు అవతలే మెదడు ఉంది. చెవి కారేవాళ్లకు చెవి వెనుక వాపు, ముఖం వంకర పోవడం, చలిజ్వరంతో తీవ్రమైన తలనొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

శస్త్రచికిత్సకు వయసు, గుండె, షుగరు వంటివి అడ్డొచ్చినవారికి వినికిడి యంత్రం ఉంది. కారే చెవిలో యంత్రపు అచ్చు పెడితే గాలి ఆడక చీము ఎక్కువవుతుంది కాబట్టి, అటువంటివారికి ఎముక గుండా శబ్దం పంపే రకాన్ని అడిగి తెలుసుకోవాలి.

చెంపదెబ్బ గురించి ఉపాధ్యాయుడిగా నేను రాయకుండా ఉండలేను. అరచెయ్యి చెవిని కప్పుతూ పడినప్పుడు చెవి రంధ్రంలోని గాలి ఒక్కసారిగా లోపలికి నెట్టుకొని పొరను చింపుతుంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. నా ఉద్యోగం తొలినాళ్లలో చెంప మీద కొట్టడం మామూలే అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు నేను కొట్టిన పిల్లల్లో ఎవరి చెవికైనా దెబ్బ తగిలిందో లేదో తెలుసుకునే దారి నాకు లేదు, ఆ బాధ నాకు ఉంది. ఇప్పటి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఆ పని చేయవద్దని వేడుకుంటున్నాను.

మన దగ్గర వైద్యం లేదని అనడం సరికాదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది, హైదరాబాద్ కోఠిలో ఆ వైద్యానికే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ కింద చేయించుకోదలచినవాళ్లు తమ శస్త్రచికిత్సకు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి. చెవుడు నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమం 2007 నుంచి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్షించే బృందాలు చూడవలసిన జబ్బుల్లో చెవి జబ్బులూ ఉన్నాయి. 2018లో కంటి వెలుగు కార్యక్రమం ఊరూరికీ వచ్చినప్పుడు, తమకు చూపు తగ్గిందని కూడా తెలియని ముసలివాళ్లు అద్దాలు పెట్టుకొని ఇళ్లకు పోవడం నేను కళ్లారా చూశాను. చెవికి కూడా అటువంటి పరీక్ష ఊళ్లోకే రావాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అది వచ్చేలోగా ప్రతి బడిలో తరగతి ఉపాధ్యాయులు చెవి కారే పిల్లల పేర్లు, పిలిస్తే పలకని పిల్లల పేర్లు రాసి ఉంచి, బాల స్వాస్థ్య బృందం వచ్చిన రోజున వాళ్లనే ముందు చూపించవచ్చు. దీనికి ఏ ఉత్తర్వులూ అవసరం లేదు.

పిల్లలు బావుల వైపు పోయే ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, జలుబులు ముసిరే వానాకాలం మొదట్లో మరొకసారి, మీ జిల్లా పేజీలో ఈఎన్‌టీ వైద్యుల చేత ఈ విషయం మీద రాయించాలని, చెవిలో నూనె పోయవద్దన్న ఒక్క మాటనైనా పెద్ద అక్షరాల్లో వేయాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు
పరకాల, హనుమకొండ జిల్లా